కామాటిపుర.. ఆ పేరు మనదే, ఉంటుందా?

పునరభివృద్ధికి సిద్ధమవుతున్న గల్లీలు
రెండు శతాబ్దాల తెలుగు బస్తీ జాడ కోసం ఆరాటం

గ్రాంట్‌ రోడ్‌ (ముంబయి): ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఒక అలవాటు ఉంది. పెళ్లి శుభలేఖ మీద గానీ, పిల్లల ఉద్యోగ దరఖాస్తులో గానీ చిరునామా రాయాల్సి వస్తే కలం కాసేపు ఆగుతుంది. కొందరు 'గ్రాంట్‌ రోడ్‌' అని రాస్తారు. కొందరు 'ముంబయి సెంట్రల్‌' అంటారు. ఇంకొందరు 'నాగ్‌పాడా' అని సరిపెట్టుకుంటారు. తాతముత్తాతలు పుట్టి పెరిగిన చోటు పేరు మాత్రం రాయరు. ఆ పేరు కామాటిపుర.

నిజానికి ఈ మహానగరంలో తెలుగువాడి పేరిట మిగిలిన పాత గుర్తు ఏదైనా ఉందంటే అదొక్కటే. విగ్రహం లేదు, శిలాఫలకం లేదు, మ్యూజియంలో అద్దాల పెట్టె లేదు. ఉన్నదల్లా ఒక బస్తీ పేరు. అదే ఇప్పుడు అటు మచ్చకూ, ఇటు బుల్డోజర్‌కూ మధ్య ఇరుక్కుంది. దాన్ని ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అన్న విషయంలో మనోళ్లలోనే ఏకాభిప్రాయం లేదు.

రాళ్లెత్తిన కూలీలు

బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. మహాలక్ష్మి, వర్లీల మధ్య ఉన్న గండి గుండా సముద్రపు నీరు లోపలికి వచ్చేది. పోటు వచ్చిందంటే ఇప్పటి బైకలా, తాడ్‌దేవ్‌, కామాటిపుర పల్లపు భూములు మునిగిపోయేవి. గవర్నర్‌ విలియం హార్న్‌బీ కాలంలో ఆ గండికి అడ్డుకట్ట వేశారు. 1784 ప్రాంతంలో ఆ పని పూర్తయింది. నీళ్లు వెనక్కి పోయాక బయటపడిన నేల మీద 1795 నాటి నుంచి కామాటీలు గుడిసెలు వేసుకున్నారని నగర చరిత్రలు చెబుతున్నాయి. ఉత్తరాన బెల్లాసిస్‌ రోడ్డు, దక్షిణాన గ్రాంట్‌ రోడ్డు. మధ్యలో నంబర్లు వేసిన గల్లీలు. పల్లపు నేల కాబట్టే అది కూలీలకు దక్కింది. ఎత్తైన మలబార్‌ హిల్‌ ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదు.

కామాటీలు ఎవరు? కులం పేరని చాలామంది అనుకుంటారు. అది కులం కాదు. నిజాం రాజ్యం నుంచి, అంటే ఇప్పటి తెలంగాణ వైపు నుంచి వలస వచ్చిన రకరకాల కులాల వారిని కలిపి బొంబాయిలో కామాటీలనేవారు. మున్నూరు కాపులున్నారు, పద్మశాలీలున్నారు, ఇంకా ఎందరో ఉన్నారు. మరాఠీ వాడికి వీళ్ల కులాల తేడాలు తెలియవు. తెలుగు మాట్లాడేవాడు, తట్ట మోసేవాడు, గోడ కట్టేవాడు.. అంతా కామాటీలే. ఈ మాట 'కమతం' నుంచి వచ్చిందని కొందరు, పని అనే అర్థం ఉన్న 'కామ్‌' నుంచి వచ్చిందని కొందరు అంటారు. ఎటునుంచి వచ్చినా అర్థం ఒకటే. ఒళ్లు వంచి పని చేసేవాడు. హైదరాబాద్‌ పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉందన్న సంగతి అక్కడి నుంచి వచ్చిన వాళ్లకు తెలిసిందే.

బొంబాయి పెరిగిన కొద్దీ వీళ్లకు పని పెరిగింది. కోట గోడలు పడగొట్టి కొత్త వీధులు వేసిన రోజులవి. రైళ్లొచ్చాయి, రేవులొచ్చాయి, బట్టల మిల్లులు లేచాయి. సున్నం కలపడానికి, రాయి ఎత్తడానికి, మట్టి తవ్వడానికి మనుషులు కావాలి. ఒకరొచ్చి కుదురుకుంటే ఊళ్లో చుట్టాలను పిలిపించుకున్నారు. పాలమూరు కూలీ ఇప్పటికీ దేశం నలుమూలలా ఇదే పద్ధతిలో వెళుతున్నాడు. మేస్త్రి మారాడు, రైలు పేరు మారింది. నిజామాబాద్‌ మీదుగా వచ్చే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌ దిగి తెల్లవారి లేబర్‌ నాకాలో నిలబడే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కార్పొరేషన్‌ భవనం కట్టింది మనోడే

సీఎస్‌ఎంటీ స్టేషన్‌ ఎదురుగా ముంబయి మహానగర పాలిక ప్రధాన కార్యాలయం ఉంది. దాని ముందు నుంచి రోజూ లక్షల మంది పోతుంటారు. దాని ఎదుట సర్‌ ఫిరోజ్‌షా మెహతా విగ్రహం ఉంది. భవన నమూనా గీసిన వాస్తుశిల్పి ఎఫ్‌.డబ్ల్యూ.స్టీవెన్స్‌ పేరు గైడ్లందరికీ నోటికొచ్చు. విక్టోరియా టెర్మినస్‌ గీసిందీ ఆయనే. మరి కార్పొరేషన్‌ భవనం కాంట్రాక్టు ఎవరిది అంటే గైడ్లు నోరు మెదపరు.

వ్యంకూ బాలాజీ కాళేవార్‌. తెలుగువాడు. 1884 డిసెంబరులో వైస్రాయ్‌ రిప్పన్‌ శంకుస్థాపన చేసిన ఈ భవనం పని 1889లో మొదలై 1893లో పూర్తయింది. మంజూరైన మొత్తం 11 లక్షల 88 వేల రూపాయల పైచిలుకు కాగా, ఖర్చయింది 11 లక్షల 20 వేల లోపే. మిగిలిన డబ్బు వెనక్కి వచ్చింది. ఈరోజుల్లో ఒక కాలువ మరమ్మతు కూడా అంచనా దాటకుండా పూర్తి కావడం లేదు. అందుకే ఈ లెక్కను ముంబయి తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు. చెప్పుకునేవాళ్లు మాత్రం తక్కువ.

ఈ కాంట్రాక్టర్లు డబ్బు సంపాదించి ఊరుకోలేదు. జోతిరావు ఫూలే 1873లో పుణెలో సత్యశోధక్‌ సమాజ్‌ పెట్టినప్పుడు బొంబాయిలో ఆయన వెనక నిలబడింది ఎక్కువగా తెలుగువాళ్లే. కాళేవార్‌ అందులో ఒకరు. రామయ్య వ్యంకయ్య అయ్యవారు మరొకరు. సమాజ్‌కు అచ్చుయంత్రం కొనిచ్చిన వాళ్లలో ఈ బొంబాయి తెలుగువారు ఉన్నారని ఫూలే జీవిత చరిత్రల్లో ఉంది. 1888 మే 11న మాండ్వీలోని కోలీవాడ హాలులో జరిగిన సభలో ఫూలేకు 'మహాత్మా' బిరుదు ఇచ్చారు. ఆ కాలపు బొంబాయి సత్యశోధకుల్లో మన మేస్త్రీల, కాంట్రాక్టర్ల వాటా పెద్దది. మరాఠీ పరిశోధకులు ఈ సంగతి రాశారు. తెలుగులో చదివినవాళ్లు ఎందరు?

'వారు' కాస్తా 'వార్‌' అయింది

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మహారాష్ట్రలో 'వార్‌'తో ముగిసే ఇంటిపేర్లు కోకొల్లలు. కాళేవార్‌, గద్దంవార్‌, మున్నూర్‌వార్‌. రాజకీయాల్లో ముంగంటివార్‌, వడెట్టివార్‌ పేర్లు రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. మనం 'ఫలానా వారు' అని మర్యాదగా చెప్పే మాటే మరాఠీ నోట్లో నలిగి అలా అయిందని చెబుతారు. విదర్భ, మరాఠ్వాడా నుంచి ముంబయి దాకా ఈ గుర్తు పరుచుకుని ఉంది. తెలుగు మాట్లాడటం మానేసిన ఇళ్లలోనూ ఇంటిపేరు మాత్రం తెలుగు మాట్లాడుతూనే ఉంటుంది. రాతి విగ్రహం పెట్టుకోలేని వాళ్లకు పేరే శాసనం.

పేరుకు పట్టిన మచ్చ

ఇంత చరిత్ర ఉన్న పేరు చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకో పాఠకులకు తెలియంది కాదు. దేశంలో ఎక్కడ కామాటిపుర అన్నా వినేవాడి ముఖంలో ఒక వంకర నవ్వు వస్తుంది.

అది ఎలా వచ్చిందో చూడాలి. 19వ శతాబ్దం చివర్లో బొంబాయి రేవు పెద్దదైంది. ఓడల మీద సైనికులు, నావికులు దిగేవారు. యూరప్‌ నుంచి, జపాన్‌ నుంచి కూడా ఆడవాళ్లను తెచ్చి ఈ చుట్టుపక్కల వీధుల్లో ఉంచారు. సుక్లాజీ స్ట్రీట్‌కు 'సఫేద్‌ గల్లీ' అన్న పేరు అప్పటిదే. తెల్లతోలు ఆడవాళ్ల వీధి అని. తెల్లదొరల పోలీసులు ఊళ్లో అన్ని చోట్లా కంటే ఒకేచోట ఉంటే కనిపెట్టి ఉండొచ్చని చూశారు. కూలీల బస్తీ అయితే అడిగేవాడు ఉండడు. అలా ఒక వ్యాపారాన్ని తెచ్చి పేదవాడి వాకిట్లో పెట్టి, ఆ తర్వాత పేదవాడి పేరునే దానికి తగిలించారు. ఫోరస్‌ రోడ్డు, ఫాక్‌లాండ్‌ రోడ్డుల్లో ఊచల తలుపులు, వాటికి 'పింజ్రా' అన్న పేరు.. ఇవన్నీ తర్వాతి కథ. నామ్‌దేవ్‌ ఢసాల్‌ 1972లో వెలువరించిన 'గోల్‌పిఠా' కవితా సంపుటి ఈ పరిసరాల్లోంచే పుట్టింది.

ఒక మాట చెప్పక తప్పదు. ఆ వీధుల్లో చిక్కుకున్న ఆడవాళ్లలో నేపాల్‌, బెంగాల్‌, కర్ణాటక వాళ్లతో పాటు మన తెలుగు జిల్లాల వాళ్లూ ఉన్నారు. జోగినీలుగా విడిచిన పిల్లలున్నారు, పని ఇప్పిస్తామంటే నమ్మి రైలెక్కిన వాళ్లున్నారు. కాబట్టి 'మేం మర్యాదస్తులం, వాళ్లు వేరు' అని గీత గీసుకోవడం అంత తేలిక కాదు. ఒకే గోడకు అటు తెలుగు కుటుంబం, ఇటు తెలుగు ఆడకూతురు. బస్తీ పరువు గురించి మాట్లాడేటప్పుడు ఆ రెండో ఇంటిని వదిలేస్తే లెక్క తప్పుతుంది.

1990ల తర్వాత ఆ వ్యాపారం బాగా తగ్గింది. ఎయిడ్స్‌ భయం, పోలీసు దాడులు, పెరిగిన స్థలాల ధరలు.. కారణాలు చాలా. చాలా ఖోలీల్లో ఇప్పుడు సంచుల కార్ఖానాలు, చిన్న గోదాములు ఉన్నాయి. వ్యాపారం కొద్ది గల్లీలకే పరిమితమైంది. పేరు మీది మరక మాత్రం తగ్గలేదు.

సినిమాతో రేగిన గొడవ

2022 ఫిబ్రవరి 25న సంజయ్‌ లీలా భన్సాలీ 'గంగూబాయి కాఠియావాడీ' విడుదలైంది. ఆలియా భట్‌ కథానాయిక. 2011లో వచ్చిన 'మాఫియా క్వీన్స్‌ ఆఫ్‌ ముంబై' పుస్తకం ఆధారం. సినిమా కామాటిపుర మొత్తాన్నీ ఒకే రంగులో చూపుతోందని బస్తీ వాసులు 2021లోనే అభ్యంతరం చెప్పారు. మా రెండు వందల ఏళ్ల చరిత్ర ఏమైపోవాలని అడిగారు. విడుదలకు ముందు స్థానిక ఎమ్మెల్యే అమీన్‌ పటేల్‌, బస్తీకి చెందిన ఒక మహిళ వేర్వేరుగా బొంబాయి హైకోర్టుకెక్కారు. సినిమాలో కామాటిపుర పేరు వాడొద్దని కోరారు. ఇక్కడ ఉండే ఆడవాళ్లను జనం వేరే కళ్లతో చూస్తారన్నది వాళ్ల వాదన. విడుదలకు రెండు రోజుల ముందు హైకోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. సినిమా ఆడింది, అవార్డులు తెచ్చుకుంది.

ఆ కేసులో ఒక మెలిక ఉంది. పేరును కాపాడమని కోర్టుకు వెళ్లినవాళ్లు అడిగిందేమిటి? ఆ పేరు తెర మీద కనపడకూడదని! అంటే పేరు మీద ప్రేమా ఉంది, పేరంటే భయమూ ఉంది. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. అమ్మాయి సంబంధం చూసేటప్పుడు భయం గెలుస్తుంది. బతుకమ్మ నాడో, బోనాలనాడో నలుగురూ కూడినప్పుడు ప్రేమ గెలుస్తుంది.

బస్తీలో రెండు వాదాలు వినిపిస్తాయి. ఎలాగూ కొత్త భవనాలు వస్తున్నాయి, పాత పేరు పాత ఇటుకలతోనే పోనీ, పిల్లలైనా తలెత్తుకుని చిరునామా రాసుకుంటారు అన్నది మొదటిది. దీన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. ఆ అవమానం పడింది వాళ్లు. బయటి నుంచి వచ్చి చరిత్ర చెప్పే మనం కాదు. రెండోది, మచ్చ మనం చేసింది కాదు, మనం కట్టింది ఊరు, పేరు తీసేస్తే మచ్చ పోదు గానీ మనం పోతాం అన్నది. ఈ విలేకరి మొగ్గు రెండో వాదం వైపే. సఫేద్‌ గల్లీ పేరు మ్యాపులో లేదు. అయినా దాని కథ పోలేదు. కాళేవార్‌ పేరు భవనానికి లేదు. ఆయన కథ దాదాపు పోయింది.

34 ఎకరాలు.. 943 భవనాలు

గల్లీల సంగతికి వద్దాం. ఒకటో గల్లీ నుంచి పదిహేనో గల్లీ దాకా సుమారు 34 ఎకరాల్లో 943 సెస్‌ భవనాలు ఉన్నాయని మాడా లెక్క. చాలావాటికి వందేళ్లు దాటాయి. చెక్క మెట్లు ఊగుతాయి. వర్షాకాలం వస్తే కర్రలు పోటీ పెట్టి పైకప్పు నిలుపుతారు. అంతస్తుకు ఒకటో రెండో మరుగుదొడ్లు, ఉదయాన్నే బిందెల వరుస. ఇందులో అందం వెతకడం సినిమావాళ్ల పని. ఇక్కడ ఉండేవాడికి కావాల్సింది గట్టి స్లాబు, తలుపు వేసుకునే బాత్‌రూం.

ఇళ్లు ఇలా ఎందుకయ్యాయన్నది కూడా తెలుసుకోవాలి. 1947 అద్దె నియంత్రణ చట్టం పాత అద్దెలను కట్టేసింది. నెలకు వందో రెండొందలో వచ్చే అద్దెతో యజమాని సున్నం కూడా వేయించలేడు. అద్దెదారు పగిడీ ఇచ్చి తీసుకున్న ఖోలీ వదలడు. 1969 చట్టంతో మరమ్మతుల బోర్డు వచ్చింది. పాత భవనాల మీద సెస్‌ వసూలు చేసి ఆ డబ్బుతో మరమ్మతులు చేయాలి. ఒక్కో భవనం ఒక్కో చిన్న ప్లాటు కావడంతో విడివిడిగా కట్టడానికి బిల్డర్లు ముందుకు రాలేదు. అందుకే అన్నీ కలిపి ఒకేసారి కట్టే క్లస్టర్‌ పథకం. పక్కనే భేండీ బజార్‌లో బోహ్రా ట్రస్టు పదహారున్నర ఎకరాల్లో ఇదే పద్ధతిలో మొదలుపెట్టింది. అక్కడ ఒక మతసంస్థ నడుం కట్టింది. కామాటిపురకు అలాంటి పెద్దదిక్కు లేదు కనుక మాడా దిగింది.

2025లో పని వేగం పుంజుకుంది. డెవలపర్‌ కోసం మాడా టెండర్లు పిలిచింది. అద్దెదారులకు 500 చదరపు అడుగుల ఇల్లు అంటున్నారు. స్థల యజమానులకు ప్రతి 50 చదరపు మీటర్ల స్థలానికి అంతే ఇల్లు ఒకటి. వంద మీటర్ల దాకా ఉంటే రెండు, నూటయాభై దాకా మూడు.. ఆ లెక్కన. నూట యాభై అడుగుల ఖోలీలో మూడు తరాలు సర్దుకున్న కుటుంబానికి ఇది చిన్న మాట కాదు. వర్లీ బీడీడీ చాల్స్‌లో 2025 ఆగస్టులో తొలి విడతగా 556 కుటుంబాలకు తాళాలు అందాయి. 160 అడుగుల గదిలోంచి 500 అడుగుల ఫ్లాటులోకి వెళ్లారు. అది చూశాక కామాటిపురలోనూ ఆశ పెరిగింది. మరోవైపు పనులు మొదలైతే ట్రాన్సిట్‌ క్యాంపు ఎక్కడిస్తారు, ఎన్నేళ్లు, తిరిగి ఇక్కడికే వస్తామా అన్న గుబులూ ఉంది. ఊచల తలుపుల వెనక ఖోలీల్లో పై అద్దెకు ఉండే ఆడవాళ్లకు కాగితాలే ఉండవు. వాళ్ల గతి ఏమిటన్నది టెండరులో తేలే సంగతి కాదు.

ఇళ్లతో పాటు పేరూ మారుతుందా?

ఇక్కడే పేరు గొడవ మళ్లీ వస్తుంది. బీడీడీ చాల్స్‌నే చూడండి. బొంబాయి డెవలప్‌మెంట్‌ డిపార్ట్‌మెంట్‌ 1920లలో కట్టించింది కాబట్టి ఆ పేరు. పునరభివృద్ధి మొదలయ్యాక 2022 మార్చిలో అప్పటి గృహనిర్మాణ మంత్రి జితేంద్ర అవ్హాడ్‌ కొత్త పేర్లు ప్రకటించారు. వర్లీకి బాలాసాహెబ్‌ ఠాక్రే పేరు, నాయ్‌గావ్‌కు శరద్‌ పవార్‌ పేరు, ఎన్‌.ఎం.జోషి మార్గ్‌కు రాజీవ్‌ గాంధీ పేరు. అప్పటి సంకీర్ణంలో మూడు పార్టీలు, మూడు బస్తీలు. పంపకం చక్కగా కుదిరింది. ఇటుక పడకముందే పేరు పంచుకోవడం మన రాజకీయాల్లో కొత్త కాదు.

స్టేషన్ల పేర్లూ మారుతున్నాయి. విక్టోరియా టెర్మినస్‌ 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్‌ అయింది. ఎల్ఫిన్‌స్టన్‌ రోడ్‌ 2018లో ప్రభాదేవి అయింది. కర్రీ రోడ్‌, శాండ్‌హర్స్ట్‌ రోడ్‌, చర్నీ రోడ్‌ వంటివి మార్చాలని 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. తెల్లదొరల పేర్లు పోతే బాధపడేవాళ్లు పెద్దగా లేరు. కానీ కామాటిపుర దొర పేరు కాదు. ఈ నగరంలో కూలీల పేరుతో ఉన్న అతి కొద్ది చోట్లలో ఒకటి.

పేరు బలం ఎంతో చూడాలంటే కాలా ఘోడా చాలు. నల్ల గుర్రం మీద ఏడో ఎడ్వర్డ్‌ విగ్రహం ఉండేది. 1965లో దాన్ని తీసి బైకలా జూ ఆవరణకు తరలించారు. రాజు పోయాడు, గుర్రం పోయింది. అయినా జనం కాలా ఘోడా అనడం మానలేదు. చివరికి 2017లో రౌతు లేని గుర్రం విగ్రహం తెచ్చి అక్కడ నిలబెట్టాల్సి వచ్చింది. యాభై ఏళ్లు విగ్రహం లేకుండా పేరే ఆ చోటును మోసింది.

కామాటిపురకు కూతవేటు దూరంలో బైకలాలో 'ఖడా పార్సీ' ఉన్నాడు. ఎత్తైన స్తంభం మీద నిలబడ్డ పార్సీ షేఠ్‌ విగ్రహం. 19వ శతాబ్దంలో కొడుకు తండ్రి కోసం ఇంగ్లండులో పోత పోయించి తెప్పించాడు. ఫ్లైఓవర్లు వచ్చి రెండు వైపులా కమ్మేశాయి. తుప్పు పట్టింది. మహానగర పాలిక దాన్ని బాగు చేయించి 2014లో తిరిగి నిలబెట్టింది. పార్సీలూ వలస వచ్చినవాళ్లే. వాళ్లు సంఖ్యలో కొద్దిమంది. కానీ ట్రస్టులున్నాయి, దస్తావేజులున్నాయి, మాది అని అడిగే గొంతు ఉంది. మన దగ్గర కుల సంఘాలకు కొదవ లేదు. ఒక్కో కులానికి ఒక్కో సమాజం, ఒక్కో జిల్లాకు ఒక్కో సంఘం. 'కామాటీ' అన్న ఉమ్మడి పేరు కోసం కూర్చుందామంటే ఎవరి కుర్చీ ముందు వేయాలన్న దగ్గరే సభ ఆగుతుంది. విగ్రహాల కోసం కొట్టుకోవడంలో మాత్రం మనం ముందున్నాం. 2011 మార్చి 10న హైదరాబాద్‌ ట్యాంక్‌బండ్‌ మీద ఏం జరిగిందో చూశాం.

అడగాల్సింది ఇప్పుడే

కొత్త టవర్ల నమూనాలు ఖరారు కాకముందే అడిగితే కొన్ని పనులు అవుతాయి. ఆ తర్వాత అడిగితే కావు. కొత్త కాలనీకి కామాటిపుర పేరునే ఉంచాలి. గల్లీల్లోని గుళ్లు, ఇతర ప్రార్థనా స్థలాలను ఎక్కడికి మారుస్తారో ముందే రాసి ఇవ్వాలి. మహానగర పాలిక ఎనిమిది భాషల్లో బడులు నడుపుతోంది. అందులో తెలుగు ఒకటి. పిల్లలు తగ్గారన్న పేరుతో తెలుగు తరగతులు మూతపడుతున్న రోజుల్లో కొత్త ప్లానులో తెలుగు బడికి చోటు అడగాలి. పిల్లలను ఇంగ్లిషు బడికి పంపుతూ తెలుగు బడి కావాలనడం ఎంతవరకు నిలుస్తుందో కూడా ఆలోచించుకోవాలి. ఒక గోడ అడగాలి. రాయి కొట్టినవాళ్ల గురించి తెలుగు, మరాఠీల్లో నాలుగు వాక్యాలు రాసే గోడ. దాని మీద గోడకు అటువైపు బతికిన ఆడవాళ్ల గురించి కూడా ఒక వాక్యం ఉంటే ఎవరి పరువూ పోదు.

ఈలోగా ప్రతి ఇంట్లో చేసుకోవాల్సిన పని ఒకటుంది. అద్దెదారుల హక్కు తేల్చేటప్పుడు 1996 జూన్‌ 13 నాటికి ఆ ఖోలీ ఎవరి పేరున ఉందన్నది కీలకం. అద్దె రసీదులు, పాత కరెంటు బిల్లులు, రేషన్‌ కార్డు, ఓటరు జాబితా నకలు వెతికి పెట్టుకోవాలి. తాత పేరున రసీదు ఉంటే వారసత్వం కాగితాలు సరిచేసుకోవాలి. మనోళ్లకు ఎక్కువగా చిక్కొచ్చేది పేర్ల దగ్గరే. రసీదులో మరాఠీ గుమాస్తా 'వ్యంకూ' అని రాస్తాడు. ఆధార్‌లో 'వెంకటయ్య' ఉంటుంది. రేషన్‌ కార్డులో ఇంటిపేరుకు 'వార్‌' ఉంటే పాన్‌ కార్డులో ఉండదు. ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్‌ చేయించి, గెజిట్‌లో పేరు ప్రకటన ఇచ్చుకుంటే సర్వే సిబ్బంది ముందు తడుముకోవాల్సిన పని ఉండదు. ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు వాటా ఉంటే వాళ్ల సంతకాలు కూడా ఇప్పుడే తెచ్చుకోవడం మంచిది. దసరాకు ఎలాగూ వెళతారు కదా, ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లండి.